గూడు చూసి చుట్టరికం కలుపుతారా?

సీలియేట్లంటే ఒంటి మీద నూగులాంటి సీలియాలతో ఈదే ఏకకణ జీవులు. సముద్రంలో ఉండే ఈ జీవుల చుట్టరికాలు ఎలా తేల్చాలన్న దాని మీద మైక్రోస్కోపు మాస్టారికీ జీన్ల అమ్మాయికీ పేచీ.

మాస్టారు: కోఫాయిడ్, క్యాంప్‌బెల్ అనే శాస్త్రవేత్తలు 1929లో టిన్‌టిన్నిడ్లనే సీలియేట్లను వందల జాతులుగా పేర్చారంటే వాటి లోరికా చూసే కదమ్మా. గంటలాంటి గూడు, కళ్లకు కనిపిస్తుంది, నీ మెషిన్‌తో పనేముంది?

అమ్మాయి: ఆ గూడే కదండీ ముంచింది! ఫావెల్లా అనే టిన్‌టిన్నిడ్ తన గూడు వదిలేసి బయటికొచ్చి మళ్లీ ఒకటి కట్టుకుంటే, అది అచ్చం కాక్స్‌లియెల్లా గూడులా ఉందని 1977లో లావల్-ప్యూటో చూపించింది. కాక్స్‌లియెల్లా అంటే అప్పటిదాకా వేరే ప్రజాతి. అద్దె ఇల్లు మారితే ఇంటిపేరు మారుస్తామా?

మాస్టారు: సరే, గూడు వదిలేయ్. ప్రోటార్గాల్ వెండి రంగు పట్టిస్తే సీలియా వరసలు గీత గీసినట్టు తేలతాయి, అవి అబద్ధమాడవు. హాల్టీరియా అనే సీలియేట్ సంగతేంటి మరి? మంచినీటిదే అనుకో, కానీ నోటి దగ్గర అమరిక చూస్తే సముద్రంలోని ఒలిగోట్రిక్‌లనే సీలియేట్లకు చుట్టం, చుట్టరికాల కోసం మీరు చదివే 18ఎస్ జీనేమో తీసుకెళ్లి వేరే గుంపుకు చెందిన ఆక్సిట్రైకా పక్కన కూర్చోబెట్టింది. అంత పోలిక ఊరికే వస్తుందా?

అమ్మాయి: వస్తుందండీ. నీళ్లలో తేలుతూ తిండి పట్టుకునే బతుకు ఒకటే అయితే నోరూ ఒకేలా తయారుకావచ్చు. అయినా ఒక్క జీన్ మాటే ఫైనల్ అని నేననలేదు. 18ఎస్ నెమ్మదిగా మారుతుంది, దగ్గరి జాతులను విడదీయాలంటే ఐటీఎస్ లాంటి, త్వరగా మారే డీఎన్‌ఏ ముక్కలు కావాలి, అవీ చదువుతున్నాం కదా.

మాస్టారు: చదువు, కానీ దేన్ని చదివావో ఎవరు చెప్తారు? ఒక్క కణాన్ని పిపెట్‌తో పట్టి ట్యూబులో వేశావు, పెద్ద కేంద్రకంలో ఆ జీన్ కాపీలు బోలెడు కాబట్టి పీసీఆర్‌తో, అంటే జీన్‌కు కాపీలు తీసే పద్ధతితో, ఫలితం వచ్చింది, కణం మాత్రం పోయింది. రేపు పేరు మీద అనుమానం వస్తే ఏం చూపిస్తావు?

అమ్మాయి: ముందు బతికుండగా ఫొటో తీస్తాను.

మాస్టారు: ఫొటోలో వరసలు కనిపించవు.

అమ్మాయి: అదే నీటిచుక్కలోంచి ఇంకో కణాన్ని మీకు స్లైడ్ మీదకిస్తాను.

మాస్టారు: ఆ రెండోదీ ఇదే జాతని ఎలా తెలుసు?

అమ్మాయి: ...చూస్తే అలాగే ఉంది కదండీ.

మాస్టారు: చూస్తేనా?