సోకా సంగీతానికి మంచి మాట కొత్తగా రాలేదు

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో కార్నివాల్ అనే వీధి పండుగకు మోగే నృత్యసంగీతం సోకా. అక్కడి గాయకుడు ‘వాయిస్’ గురించిన ఒక ఫార్వర్డు కొంతకాలంగా మిత్రుల నుంచి వస్తూనే ఉంది. ఒక గ్రూపులో వివరణ రాస్తే మర్నాటికి ఇంకో గ్రూపులో అదే ప్రత్యక్షమవుతోంది. దాని సారాంశం ఇది: సోకా అనేది జమైకాలో రెగ్గే నుంచి పుట్టిన తాగుబోతుల సంగీతం, అందులో మంచి మాట చెప్పిన మొట్టమొదటి మనిషి ఈ కుర్రాడే, అలాంటి పాటలు కార్నివాల్ జనానికి రుచించవు కాబట్టి అతన్ని సొంత దేశమే పట్టించుకోలేదు, మనకూ ఆ సంగీతానికీ సంబంధం లేకపోయినా ఇతన్ని తప్పక వినాలి. వినాలన్న ఒక్క మాట తప్ప ఇందులో ఏదీ నిలవదు.

జమైకా సంగతి చిటికెలో తేలిపోతుంది. సోకా పుట్టింది ట్రినిడాడ్‌లో, అక్కడి పాత పాటల శైలి కాలిప్సో నుంచి. ఆ దీవి వెనిజులా తీరానికి సుమారు 11 కిలోమీటర్ల దూరంలో ఉంటే, జమైకా అక్కడికి 1,500 కిలోమీటర్లకు పైగా అవతల ఉంది.

సొంత దేశం పట్టించుకోలేదన్న మాట మరీ అన్యాయం. ఆరన్ సెయింట్ లూయిస్ అనే ఈ వాయిస్ 2016లో ‘చీర్స్ టు లైఫ్’తో, 2017లో ‘ఫార్ ఫ్రమ్ ఫినిష్డ్’తో, 2018లో ‘ఇయర్ ఫర్ లవ్’తో వరుసగా మూడేళ్లు ట్రినిడాడ్‌లో జరిగే ఇంటర్నేషనల్ సోకా మొనార్క్ పాటల పోటీలో కిరీటం గెలిచాడు. ఇది న్యాయనిర్ణేతల అభిరుచి మాత్రమే అనేవారికి రోడ్ మార్చ్ ఉంది. కార్నివాల్ సోమ, మంగళవారాల్లో వేషాల బృందాలు నిర్ణీత స్థలాలను దాటేటప్పుడు ఏ పాట ఎక్కువసార్లు మోగిందో లెక్కపెట్టి ఇచ్చే బిరుదు అది. 2024లో ఆ బిరుదు అందుకున్నది మైకల్ టేజా పాడిన ‘డీఎన్ఏ’. ఈ సంస్కృతి మా రక్తంలోనే ఉందని చెప్పే పాట. వీధి జనానికి మంచి మాట రుచించదని ఏ ఆధారంతో రాశారు?

అసలు నష్టం చేసేది ‘మొట్టమొదటి మనిషి’ అన్న వాక్యం. ఒక యువకుణ్ణి పొగడడానికి అతనికి ముందున్న వాళ్లందరినీ తుడిచేయాలా? సోకాకు రూపమిచ్చిన గార్ఫీల్డ్ బ్లాక్‌మన్ మొదట లార్డ్ షార్టీగా, తరువాత రాస్ షార్టీ ఐగా ప్రసిద్ధుడు. ఆయన పుట్టిన లెంగ్వా దక్షిణ ట్రినిడాడ్‌లో భారతీయ కూలీల సంతతి దట్టంగా ఉన్న చెరకు ప్రాంతంలోని పల్లె. చిన్ననాటి నుంచి విన్న ధోలక్, ధంతాల్ లయలను ఆయన 1970ల మొదట్లో కాలిప్సోలోకి తెచ్చాడు. ధంతాల్ అంటే పొడవాటి ఉక్కు కడ్డీ. ఒక చేత్తో వంపు తిరిగిన ఇనుప ముక్క పట్టుకుని దాన్ని కొడుతూ, రెండో చేత్తో కడ్డీని బిగించి వదులుతూ ఉంటే మోత ఒకసారి తెగుతుంది, ఒకసారి సాగుతుంది. ఆ తెగడం, సాగడం తరువాత డ్రమ్ముల మీదికి ఎక్కి సోకా నడక అయ్యాయి. మనకు సంబంధం లేదని రాసినవారు ఈ ఒక్క సంగతి తెలుసుకున్నా ఆ మాట రాసేవారు కారు. 1845 నుంచి 1917 వరకు ఓడల్లో అక్కడికి వెళ్లిన కూలీల్లో అత్యధికులు కలకత్తా రేవు నుంచి వెళ్లినవారైనా, మద్రాసు రేవులో ఎక్కినవారూ ఉన్నారు, వారిలో తెలుగువారూ ఉన్నారు. ‘ఓం శాంతి ఓం’ అని షార్టీ పాడిన పల్లవి 1980లో ఒక హిందీ సినిమా పాటై మన ఊళ్ల రేడియోల్లోనూ మోగింది.

ఆయనే మత్తుమందుల బారిన పడవద్దని పిల్లలను హెచ్చరిస్తూ ‘వాచ్ అవుట్ మై చిల్డ్రన్’ పాడాడు. అది వాయిస్ పేరు తెచ్చుకోవడానికి చాలా ముందు మాట. మరో ట్రినిడాడ్ గాయకుడు డేవిడ్ రడ్డర్ 1980ల చివర్లో పాడిన ‘ర్యాలీ రౌండ్ ది వెస్టిండీస్’ చిన్న చిన్న దీవులను ఒక్కటిగా నిలబడమని పిలిచి, వెస్టిండీస్ క్రికెట్ జట్టు గీతమైంది. ఇవన్నీ తాగుబోతుల పాటలా?

అయితే ఒక విషయం ఒప్పుకోక తప్పదు. రమ్ము, నడుము ఊపులు తప్ప మరో మాట లేని సోకా పాటలు ఏటా కుప్పలుగా వస్తాయి. ఆ ఫిర్యాదు అబద్ధం కాదు. అందరికంటే ముందు ఆ బాధ పడ్డవాడు షార్టీయే. తాను రూపమిచ్చిన సంగీతం కామకేళికి దిగజారిందని కలత చెంది, కుటుంబంతో సహా పిపారో అడవి ప్రాంతానికి వెళ్లిపోయి, జాము అనే భక్తి సంగీతం మొదలుపెట్టాడు. కానీ ఆ ఫార్వర్డు గీసినంత సులువైన గీత ఎక్కడా లేదు. 2017లో, చమురు ధరలు పడిపోయి దేశం ఆర్థికమాంద్యంలో ఉన్నప్పుడు, ఊరు తగలబడినా మా ఆట ఆగదనే ‘ఫుల్ ఎక్స్‌ట్రీమ్’కు రోడ్ మార్చ్ దక్కింది. అది బాధ్యతారాహిత్యమని కొందరన్నారు, కష్టంలో కుంగిపోని గుండె ధైర్యమని మరికొందరన్నారు. నాకు రెండో మాటే సరైనదనిపిస్తుంది. ‘ఫార్ ఫ్రమ్ ఫినిష్డ్’, అంటే ఇంకా పనైపోలేదని వాయిస్ పాడి గెలిచింది కూడా ఆ కార్నివాల్‌లోనే. ఆ రెండు పాటలకూ చేతులెత్తి గొంతు కలిపింది అదే జనం.

వాయిస్ పాటల లింకులు పంపేవారు తప్పకుండా పంపండి. ఆ ‘మొట్టమొదటి’ వాక్యాన్ని మాత్రం తీసేసి, దాని స్థానంలో షార్టీ పాట లింకు ఒకటి పెట్టండి.