ప్రకృతికి మేనేజర్ ఎవరూ లేరు

పచ్చటి ఆకు బొమ్మ, కింద ఐదు ‘నిజాలు’, చివర్లో దండం పెట్టే ఎమోజీ. “ప్రకృతి ఒక మహా శరీరం” అనే ఈ మెసేజ్‌ని స్కూల్ ఫ్రెండ్స్ పంపారు, ఆఫీసు వాళ్లు పంపారు, ఆఖరికి బయాలజీ చదివిన మహానుభావుడొకడు కూడా పంపాడు. ఇక ఊరుకోలేక రాస్తున్నా.

మొదటి నిజం: తేనెటీగలు అంతరిస్తే మనిషికి నాలుగేళ్లే ఆయుష్షని ఐన్‌స్టీన్ అన్నాడట. ఆయన అన్నట్టు ఎక్కడా ఆధారం లేదు. పళ్లకూ కూరగాయలకూ గట్టి దెబ్బే తగులుతుంది కానీ వరి, గోధుమ, మొక్కజొన్నలకు తేనెటీగతో పనే లేదు.

రెండోది: ప్రపంచపు ఆక్సిజన్‌లో 20 శాతం అమెజాన్ అడవిదట. అక్కడి చెట్లూ శ్వాసిస్తాయి, రాలిన ఆకుల్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులూ శ్వాసిస్తాయి. తయారైంది దాదాపు అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. ఆ అడవిని కాపాడుకోవడానికి వేరే కారణాలు బోలెడున్నాయి, ఈ అబద్ధం అక్కర్లేదు.

మూడోది: ఆహారపు గొలుసులో మనిషిది అగ్రస్థానం. మొక్కలకు 1 అంకె ఇచ్చి, ఎవరు ఎవర్ని తింటున్నారో చూస్తూ 2013లో కొందరు పరిశోధకులు లెక్క కట్టారు. మనిషికి సగటున 2.21 వచ్చింది. పందీ, ఆంకోవీ చేపా మన పక్కనే ఉన్నాయి. కిరీటం ఎవరికి పెడతారో మీ ఇష్టం.

అసలు ఒళ్లు మండేది నాలుగోదానికి. “కణాలు కలిస్తే కణజాలం, అవి కలిస్తే అవయవం, అవయవాలు కలిస్తే జీవి, జీవులు కలిస్తే ఆవరణ వ్యవస్థ. కాబట్టి శరీరం గాయం మాన్పుకున్నట్టే ప్రకృతీ మాన్పుకుంటుంది. ఒక జీవి పోతే ఇంకోటి వచ్చి ఆ పని చేస్తుంది. టెన్షన్ వద్దు.”

జీవి దాకా బాగానే ఎక్కారు. తర్వాత జనాభా (ఒకచోట ఉండే ఒకే జాతి జీవులన్నీ), సముదాయం (ఒకచోట ఉండే అన్ని జాతులూ కలిపి) అనే రెండు మెట్లు మింగేశారు. పుట్టడాలు, చావడాలు, పోటీలు, వేటలు లెక్కకొచ్చేది సరిగ్గా అక్కడే. కాలేయంలోని కణం ఆ శరీరం కోసం పనిచేస్తుంది. జింక మాత్రం పులి కోసం బతకడం లేదు, అడవి కోసం అంతకన్నా కాదు. ఎవరి గొడవ వాళ్లది. ఆ గొడవలన్నీ కలిసి ప్రస్తుతానికి ఎక్కడ ఆగాయో దానికే మనం సమతుల్యం అని పేరు పెట్టుకున్నాం. దాన్ని కాపాడే డ్యూటీ ఎవరికీ వేయలేదు.

1963లో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త అమెరికా పసిఫిక్ తీరంలో ఓ రాతి నేల మీది నక్షత్ర చేపల్ని పీకి సముద్రంలోకి విసిరేయడం మొదలుపెట్టాడు. వాటి స్థానంలో డ్యూటీ ఎక్కడానికి ఎవరూ రాలేదు. అవి తినాల్సిన మసెల్స్ అనే గుల్ల జీవులు బతికిపోయి, మిగతావాటిని నెట్టేస్తూ రాయంతా పరుచుకున్నాయి. 15 జాతులున్న చోట 8 మిగిలాయి.

ఇంకోటి రావడమంటే ఎలా ఉంటుందో చూడాలంటే రాబందుల కథ ఉంది. పశువుల నొప్పికి డైక్లోఫెనాక్ ఇచ్చారు. ఆ కళేబరాల్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడయ్యాయి. చచ్చిన పక్షిని కోసి చూస్తే లోపలి అవయవాల మీద సుద్ద పూసినట్టు తెల్లటి యూరిక్ ఆమ్లం. కారణం 2004లో బయటపడింది, పశువైద్యంలో ఆ మందుపై మన దేశంలో 2006లో నిషేధం వచ్చింది. ఈలోగా, 1992 నుంచి 2007 మధ్య, తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయి. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి ఎప్పటికి కోలుకోవాలి? కళేబరాల దగ్గరకి ఇంకోటి వచ్చిన మాట మాత్రం నిజం. వీధి కుక్కలొచ్చాయి. రేబిస్ భయం బోనస్. మాన్పుకోవడమంటే ఇదేనా సార్?

ఐదోది: దోమలు పోయినా ఏమీ కాదు. దీన్నీ ఉతికేద్దామనుకున్నా కానీ, ఇందులో కాస్త విషయముంది. దోమల్లో 3,500కి పైగా జాతులున్నాయి. మలేరియాను ప్రధానంగా మోసేవి అనాఫిలిస్ అనే రకం దోమల్లో కొన్ని పదుల జాతులే. అవి మాత్రమే పోతే, అదే నీళ్లలో పెరిగే మిగతా దోమలు చేపలకూ తూనీగలకూ సరిపోతాయనే చాలామంది శాస్త్రవేత్తల అంచనా. అంటే నాలుగో పాయింటులో నేను తిట్టిపోసిన మాటే ఇక్కడ కొంత చెల్లుతుంది. ఏ జాతి పోతే నడుస్తుందో, ఏది పోతే నడవదో ముందే రాసిపెట్టిన లిస్టు మాత్రం ఎవరి దగ్గరా లేదు. పెయిన్‌కి కూడా నక్షత్ర చేపల్ని పీకాకే తెలిసింది.