పక్కన లాయరు నిలబడ్డాడుగా, ఇంకేం కావాలంటే?

ఈ మెసేజ్ నాకు రావడం ఈ వారంలో ఇది నాలుగోసారి. ఈసారి పంపింది మా మేనబావ. ‘హత్య కేసులో ఉరి పడ్డవాడు మా లాయరు సరిగా వాదించలేదంటే చాలు, సుప్రీంకోర్టు వదిలేస్తోంది. హంతకులకు మన పన్నుల డబ్బుతో లాయర్లు! అయినా విచారణలో పక్కన లాయరు ఉన్నాడుగా, ఇంకేం కావాలి? చనిపోయినవాళ్ల కుటుంబం గోడు ఎవరికీ పట్టదు’ అని ఉంది.

పన్నుల సంగతి ఒక్క ముక్కలో: కేసు కట్టిన పోలీసుకు, శిక్ష వేయమని వాదించే ప్రభుత్వ లాయరు పీపీకి (పబ్లిక్ ప్రాసిక్యూటరుకు) జీతాలు కూడా ఆ పన్నుల్లోంచే.

వదిలేస్తోందా? 1951లో జనార్దనరెడ్డి కేసు చూడండి. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో హత్య నేరం మీద ఉరి పడ్డవాళ్లు, విచారణలో మాకు లాయర్లు లేరని మొర పెట్టుకున్నారు. ఇంగ్లండు నుంచి ప్రిట్ అనే బారిస్టరు వచ్చి వాదించినా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2012లో ఢిల్లీ బస్సు పేలుడు కేసులో 65 మంది సాక్షుల్లో 56 మందిని ముద్దాయి తరఫున లాయరే లేకుండా విచారించారని తేలింది. అప్పుడు కూడా మళ్లీ విచారించమని పంపిందే గానీ ఇంటికి పొమ్మనలేదు. లాయరు ఇంకో ప్రశ్న అడిగి ఉండాల్సింది అన్నంత మాత్రాన ఏ కోర్టూ కదలదు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ మూడో మాట. పక్కన లాయరు ఉన్నాడుగా!

నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో ఒక సెషన్స్ కోర్టులో చూశాను. హత్య కేసు. న్యాయ సహాయం కింద వేసిన వకీలు చేతికి ఫైలు ఆ పొద్దున్నే వచ్చింది. చార్జిషీటు కట్ట తాడు ఇంకా విప్పలేదు. మొదటి సాక్షి చెప్పడం అయింది. ‘క్రాస్ నిల్’ అన్నాడాయన, అంటే ఆ సాక్షిని అడగాల్సిన ఎదురు ప్రశ్నలేవీ లేవని. రెండో సాక్షికీ అదే మాట. బోనులో ఉన్న మనిషి కొంచెం ముందుకు వంగి నన్నడిగాడు: “ఆయనేనా అయ్యా, మన వకీలు?”

మీ మెసేజ్ ప్రకారం ఆ మనిషికి లాయరు ఉన్నట్టే. అతన్ని ఉరి తీయడానికి ఆ నల్లకోటు సరిపోతుందా? మీ తమ్ముడు ఆ బోనులో ఉంటే సరిపోతుందనే అంటారా?

మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా కేసు సరిగ్గా ఇదే. 2013లో ఒక చిన్న పాపపై అత్యాచారం, హత్య. అభియోగాలు మోపిన రోజునే ముద్దాయికి లాయరును వేశారు. రెండు వారాల్లో విచారణ ముగించి ఉరి వేశారు. ఆ వేగానికి అందరూ చప్పట్లు కొట్టి ఉంటారు. హైకోర్టు ఖాయం చేసింది. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసి, విచారణ మొదటి నుంచి జరపమంది. ఉరి గానీ యావజ్జీవం గానీ పడే కేసుల్లో ముద్దాయికి కోర్టు వేసే వకీలుకు కనీసం పదేళ్ల అనుభవం ఉండాలని, సిద్ధమవడానికి మామూలుగా కనీసం ఏడు రోజులు ఇవ్వాలని అందులోనే చెప్పింది. ఏడు రోజులు! పెళ్లి శుభలేఖలు అచ్చు వేయించడానికి కూడా మనం అంతకంటే ఎక్కువే తీసుకుంటాం. తిరిగి విచారించినప్పుడూ ఉరే పడింది, అదీ నిలవలేదు. చివరికి 2024 మార్చిలో అతన్ని నిర్దోషిగా వదిలారు. అప్పటికి పదకొండేళ్లు జైల్లో గడిచాయి.

ఆఖరి వాక్యం మాత్రం ఒప్పుకుంటాను. కుటుంబం గోడు నిజంగానే ఎవరికీ పట్టదు. విచారణ మళ్లీ మొదలైన ప్రతిసారీ ఆ పాప తల్లిదండ్రుల గాయం మళ్లీ రేగింది. పదకొండేళ్లయ్యాక కూడా తమ బిడ్డను చంపిందెవరో వాళ్లకు ఏ కోర్టూ చెప్పలేకపోయింది. ఆ పాపం అప్పీలుకు వెళ్లినవాడిది కాదు. 2013లో ఏడు రోజులు ఆగలేని ఆ విచారణది.

బావా, ఆ ఒక్క వాక్యం ఉంచి, మిగతా మూడూ చెరిపేసి పంపు. నేనూ పదిమందికి పంపుతాను.