రాయబారి గారి ఫోన్ ముందు లాగేసుకోండి

2025 ఆగస్టులో అమెరికా వాడు మన సరుకు మీద 25 శాతం సుంకం వేసి, మూడు వారాలు తిరక్కుండానే రష్యా నూనె కొంటున్నారని ఇంకో 25 తగిలించి యాభై చేశాడు కదా, ఆ కబురు భీమవరం రొయ్యల చెరువుగట్ల మీదకి వచ్చినంత స్పీడుగా ఏ రాయబార కార్యాలయానికీ వెళ్ళుండదని నా గట్టి నమ్మకం అండి. అక్కడ ప్రెసిడెంటు గారు పోస్టు పెట్టడం, ఇక్కడ ఏజెంటు గారు వంద కౌంట్ (కిలోకి వంద తూగే) రొయ్య రేటు దించెయ్యడం, మధ్యలో టీ తాగే టైం కూడా ఉండదు. ఇంక రాయబారులూ, బంగళాలూ, జెండా కట్టిన కార్లూ ఎందుకంటారు? ఆకివీడులో రైతుకి తెలిసిందే ఆయనకీ తెలుస్తుంటే ఆ జీతమేదో రైతుకే ఇచ్చెయ్యొచ్చు, మేతకైనా పనికొస్తుంది.

అయినా పంపినోళ్ళు తలో మాట చెప్తుంటే రాయబారి పడే బాధ ఇవాళ్టిదా. కృష్ణుడంతటోడు రాయబారానికి బయల్దేరుతుంటే ధర్మరాజు ఐదూళ్ళిచ్చినా చాలన్నాడు, భీముడు ఎన్నడూ లేంది మెత్తబడ్డాడు, సహదేవుడు యుద్ధమే కావాలన్నాడు, ద్రౌపది జుట్టు చూపించింది. ఒక్కింట్లోంచి నాలుగు ఆర్డర్లు! నయం, అప్పటికి వాట్సాప్ లేదు.

అందుకే నాకు నికొలస్ ట్రిస్ట్ అంటే మహా గౌరవం. 1847లో మెక్సికోతో యుద్ధం నడుస్తుండగా సంధి మాట్లాడి రమ్మని అమెరికా ప్రెసిడెంట్ పోక్ పంపించిన మనిషి, పెద్ద రాయబారేం కాదు, విదేశాంగ శాఖలో హెడ్ గుమాస్తా. ఈయన బేరంలో ఉండగా అక్కడ పెద్దాయనకి మనసు మారి, వెనక్కొచ్చెయ్ అని అక్టోబర్లో రాయించిన ఉత్తరం నవంబర్ సగం అయ్యాక గానీ చేరలేదు. ఈయన చదివాడు, కొన్నాళ్ళు ఆలోచించాడు, రానంటూ 65 పేజీల జవాబు రాశాడు (మా వైపు పెళ్ళి లాంఛనాల లిస్టు కూడా అంత ఉండదు). తర్వాత 1848 ఫిబ్రవరి 2న సంతకాలు పెట్టించేశాడు. కాలిఫోర్నియాతో సహా అంత నేల, కోటిన్నర డాలర్లకి. అది దోపిడీ బేరమే లెండి, ఆ సంగతి వేరు. పోక్ గారు చిందులు తొక్కాడు గానీ, తీరా చూస్తే తను మొదట్లో అడగమన్నవాటిలో ముఖ్యమైనవన్నీ అందులో ఉన్నాయి, కాదనలేక సెనేట్‌కి పంపాడు. కాగితం పనికొచ్చింది, తెచ్చినోడు పనికిరాలేదు, ఉద్యోగం ఊడగొట్టి జీతం కూడా ఆపించాడు.

కాబట్టి ప్రభుత్వం వారికి నా విన్నపం ఏంటంటే, ఇకమీదట ఇలాంటి సుంకాల చర్చలు ఢిల్లీలోనూ వద్దు, వాషింగ్టన్‌లోనూ వద్దు. రెండు వైపులోళ్ళనీ నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు (ఏరు దాటించే ఇంజను పడవ) ఎక్కించి, ఫోన్లన్నీ టికెట్లు కొట్టే కుర్రాడి దగ్గర పెట్టించి, గోదారి మధ్యలో ఇంజను ఆపించండి. పైనుంచి కొత్త ఆర్డరు రాదు, అలిగి లేచిపోదామంటే నీళ్ళు. రొయ్యల వేపుడు మాత్రం దండిగా పెట్టించండి, దేని మీద కొట్టుకుంటున్నారో నాలిక్కైనా తెలియాలి. ఇంకో మాట, మనవాళ్ళ టీఏ బిల్లు పంటు ఎక్కకముందే పాస్ చేయించండి. ట్రిస్ట్ గారికి రావాల్సిన డబ్బులు 1871 దాకా రాలేదు.