పారిజాతం మీద ఒక ఫిర్యాదు

మాది 150 గజాల ఇల్లు. గోడకీ ప్రహరీకీ మధ్య మిగిలింది మూడడుగులు. ఆ మూడడుగుల్లోనే డ్రైనేజీ పైపు, ఏసీ ఔట్‌డోర్ పెట్టె, వాడని సైకిలు. వీటన్నిటి మధ్య ఓ పారిజాతం మొక్క పెట్టాను. తెచ్చినప్పుడు మోకాలెత్తు కూడా లేదు, నల్ల కవర్లో ఆరు ఆకులేసుకుని బుద్ధిగా నిలబడింది. నాలుగేళ్లకి మేడ మీది పిట్టగోడ అందుకుంది. నమ్మకద్రోహం అంటే ఇదే.

నేను అడక్కుండా ఏం తేలేదు. "ఎంత పెరుగుతుంది బాబూ?" అంటే నర్సరీ కుర్రాడు "మీరు ఎంత కావాలంటే అంత సార్" అన్నాడు. ఇంత ప్రజాస్వామికంగా పెరిగే మొక్క దొరికిందని మురిసిపోయి, బేరం కూడా ఆడకుండా ఆటోలో పెట్టించాను. ఇది ఇరవై అడుగులు కూడా దాటగలదనే సంగతి తర్వాత ఎవరో చెప్పారు. పొద అనుకుని తెచ్చుకున్నవాడికి చెట్టుని అంటగట్టడం న్యాయమా? ఇల్లు కట్టేటప్పుడు నేను సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, వదిలానా లేదా అని టేపు పట్టి మరీ కొలిచారు (వదల్లేదు, అది వేరే సంగతి). మొక్కని మాత్రం అడిగే నాథుడు లేడు.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా, మాది మానయ్యాక వంగింది. పక్కింటి వైపు. తెల్లారేసరికి నారింజ కాడల పూలన్నీ వాళ్ల గచ్చు మీద పరిచినట్టు పడుంటాయి. పారిజాతం పూలు కింద రాలినా పూజకి పనికొస్తాయి కాబట్టి పిన్నిగారు కోసినట్టూ కాదు, నేను అడగడానికీ లేదు, పళ్లెం నింపుకుని లోపలికి వెళ్లిపోతారు. నీళ్లు నావి, ఎరువు నాది, పుణ్యం ఆవిడది. చెట్టు సత్యభామ పెరట్లో, పూలు రుక్మిణి పెరట్లో అన్న కథ చిన్నప్పుడు విని నవ్వాను. ఇప్పుడు సత్యభామ పక్షాన కోర్టుకెళ్లమన్నా వెళ్తాను. మా వాటాకి వచ్చినవి ఆకులు. ఏసీ మెకానిక్ ఆ సందులో దూరి బయటికొచ్చేసరికి చేతుల నిండా గీతలు, ఆ గరుకు ఆకులతో గిన్నెలు తోముకోవచ్చు.

గేటు పక్కన మందారం ఇంకో కేసు. స్కూటర్‌కి అడ్డమొస్తోందని నెలకోసారి క్రాపు కొట్టినట్టు చుట్టూ కత్తిరిస్తాను. మందారం మొగ్గ వేసేది కొత్త చిగురు మీదే. నేను కోసేదీ సరిగ్గా దాన్నే. ఏడాది పొడుగునా మా ఇంట్లో శ్రద్ధగా కటింగ్ చేసిన ఆకుపచ్చ పెట్టె ఒకటి ఉంటుంది, పూలు బజారు నుంచి వస్తాయి.

తెలిసినవాళ్ల సలహా ఏమిటంటే, ముందు జాగా కొలుచుకోవాలట, మొక్క పూర్తిగా ఎదిగాక ఎంత వెడల్పు అవుతుందో కనుక్కుని గోడకి కనీసం అందులో సగం దూరంలో నాటాలట. మా సందుకైతే రెండు మూడడుగుల దగ్గర ఆగే పొట్టి రకం నూరువరహాలు సరిపోయేదట, అదీ రకం అడిగి తీసుకోవాలి, ఎందుకంటే అదే పేరుతో మనిషెత్తు దాటేదీ ఉంది. నందివర్ధనంలోనూ అంతే. వినడానికి బాగానే ఉంది. కానీ గృహప్రవేశానికి వచ్చిన వియ్యంకులకి మోకాలెత్తు మొక్క చూపించి "ఇది ఇంతే, ఇంకా పెరగదు" అని చెప్పుకోవడానికి నాకు మొహమాటం ఉండదా?

అయినా ఈసారి పట్టుదలగా నర్సరీల ఊరు కడియం దాకా వెళ్లాను. కాగితం పూల మొక్క, సిమెంటు కుండీతో సహా కొన్నాను. కుండీలో ఉన్నంతకాలం అదుపులోనే ఉంటుందన్నారు, రెండేళ్లు ఉంది కూడా. మొన్న సంక్రాంతికి ముగ్గు వేయాలి, కాస్త పక్కకి జరపమంది మా ఆవిడ. నేనూ మా అబ్బాయీ చెరోవైపు పట్టుకుని లాగాం. కుండీ కదల్లేదు. వంగి చూస్తే అడుగు చిల్లులోంచి బొటనవేలంత వేరు గచ్చు పగులులోకి దిగిపోయి ఉంది.