చర్చి తగలబెట్టిందట... ఏ పుస్తకాలను?

ఈమధ్య ఒక వాదన తెగ షేర్ అవుతోంది. ఐర్లండ్, బ్రిటన్, గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం)లలోని పాత సెల్టిక్ జాతుల పూజారులైన డ్రూయిడ్లను చర్చి చంపి సెల్టిక్ విజ్ఞానాన్నంతా తగలబెట్టిందట. సెల్టిక్ క్రైస్తవులేమో రోమ్‌ను, అంటే పోప్‌ను, ఏనాడూ లెక్కచేయలేదట. అందుకని యూనివర్సిటీలో సెల్టిక్ స్టడీస్‌నీ (ఆ జాతుల భాషలూ, సాహిత్యమూ) థియాలజీనీ (క్రైస్తవ మతశాస్త్రం) కలిపి చదవడం ఉప్పూ నిప్పూ కలపడమేనట, పైగా ఉద్యోగమూ రాదట. ఆ చివరి ముక్కలో మాత్రం కొంత నిజముంది.

తగలబెట్టడానికి డ్రూయిడ్లు పుస్తకాలు రాస్తేగా! వాళ్ల చదువు ఇరవై ఏళ్లదాకా సాగేదనీ, అంతా కంఠస్థమేననీ, తమ శాస్త్రాన్ని రాతలో పెట్టడం తప్పనుకునేవారనీ జూలియస్ సీజరే రాశాడు. గాల్‌లో వాళ్లను అణచివేసింది రోమన్ చక్రవర్తులు తిబెరియస్, క్లాడియస్. అప్పటికి చర్చికి దిక్కూ మొక్కూ లేదు. ఐర్లండ్‌లో క్రైస్తవం వచ్చాక డ్రూయిడ్ల పరపతి పోయిన మాట మాత్రం ఒప్పుకోవాలి.

అసలు పాత ఐరిష్ కథల వీరుడు కూహులిన్ గాథ మనదాకా ఎలా వచ్చింది? 12వ శతాబ్దపు ఐరిష్ చేతిరాత ప్రతి, లెన్‌స్టర్ గ్రంథం చూడండి. గాథంతా ఓపిగ్గా ఎక్కించాక, దీన్ని మార్చకుండా గుర్తుపెట్టుకునేవాళ్లకు ఐరిష్‌లో ఒక దీవెన ఉంటుంది. దాని కిందే లాటిన్‌లో లేఖకుడి మాట: ఇదంతా నేను నమ్మను, ఇందులో కొన్ని దయ్యాల మాయలు, కొన్ని కవుల కల్పనలు, కొన్ని మూర్ఖుల వినోదానికి. నమ్మకపోయినా పూర్తిగా రాసిపెట్టాడు మహానుభావుడు! ఆ రెండు ముక్కలూ ఒకే పేజీలో ఎందుకున్నాయో ఐరిష్ మాత్రమే వచ్చినవాడికి సగమే తెలుస్తుంది, థియాలజీ మాత్రమే చదివినవాడికి మిగతా సగం.

ఇంకా వెనక్కి వెళితే, 8వ శతాబ్దం నాటి చేతిరాత పుస్తకం, వుర్ట్స్‌బర్గ్ (జర్మనీ) ప్రతి ఉంది. బైబిల్లోని పౌలు పత్రికల లాటిన్ వరుసల మధ్య, అంచుల్లో, చీమల బారులాంటి అక్షరాలతో ఐరిష్ టీక. ప్రాచీన ఐరిష్ వ్యాకరణం కట్టింది చాలావరకు ఇలాంటి టీకల మీదే. అంటే క్రియారూపం నేర్చుకోవడానికి కూర్చున్నా పౌలు ఎదురవుతాడు. వీటిని విడదీయడం ఎలా?

రోమ్ సంగతి. ఐరిష్ సన్యాసి కొలంబానస్ 613లో పోప్ బోనిఫేస్‌ను ఘాటుగానే నిలదీశాడు. కానీ ఆ ఉత్తరంలో సంబోధన 'యూరప్ చర్చిలన్నిటికీ శిరస్సు' అని. ఈస్టర్ తేదీ లెక్క మీద గొడవ నిజమే. 664లో ఇంగ్లండ్‌లోని విట్బీలో జరిగిన చర్చి సభ రోమ్ లెక్క వైపు మొగ్గింది, స్కాట్లండ్ దీవిలోని ఐరిష్ మఠం అయోనా 716లో దారికొచ్చింది. దక్షిణ ఐర్లండ్ అయితే విట్బీకి ముందే మారిపోయింది. తిథి దగ్గర పంచాంగాలు కొట్టుకున్నంత మాత్రాన మతాలు వేరైపోతాయా?

ఇక ఉద్యోగం. వేల్స్‌లో ఎస్4సీ, ఐర్లండ్‌లో టీజీ4, స్కాట్లండ్‌లో బీబీసీ ఆల్బా అనే టీవీ చానళ్లున్నాయి, స్కాట్లండ్ సెల్టిక్ భాష గేలిక్ మాధ్యమంలో బడులున్నాయి, 2022 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఐరిష్‌కు పూర్తి హోదా ఉంది. అయితే వీటన్నిటికీ ఇవాళ మాట్లాడే ఐరిష్, వెల్ష్, గేలిక్ ధారాళంగా రావాలి, పాత ప్రతులు చదవడం ఒక్కటే సరిపోదు. లోన్ తీసుకుని వెళ్లేవాళ్లు ఆ భాషను మొదటి అక్షరం నుంచి నేర్పుతారో లేదో సిలబస్‌లో ముందే చూసుకోవాలి.