నాలుగు నయాగరాలు, ఒక కొర్రబయలు

మొన్న ఒక యాత్రల సంస్థ వారు మా వీధిలో కరపత్రాలు పంచారు. నిగనిగలాడే కాగితం, పైన విమానం బొమ్మ, దాని కింద 'వీసా అక్కర్లేని విశ్వయాత్ర' అని ఎర్రటి అక్షరాలు. దేశంలో 28 రాష్ట్రాలున్నాయి కదా, కాళ్లు ఆడుతుండగానే వాటిలో కొన్నయినా చూద్దామన్న సదుద్దేశంతో కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. స్విట్జర్లాండ్ ఉంది, స్కాట్లాండ్ ఉంది, వెనిస్ ఉంది, నయాగరా ఉంది. భారతదేశమే లేదు. ఆఖరి పేజీలో జీఎస్టీ దగ్గర మాత్రం కాస్త తగిలింది.

ఇది తేలిగ్గా తీసుకోవలసిన సంగతి కాదు. పరాయి దేశాలు మన భూభాగంలో ఎంత మేర విస్తరించాయో ఎవరో ఒకరు లెక్క తీయాలి. ప్రభుత్వం పూనుకోలేదు కనుక ఆ భారం నేనే తలకెత్తుకున్నాను.

ముందు స్విట్జర్లాండ్. ఉత్తరాఖండ్‌లో చోప్తా ఒకటి. అదే రాష్ట్రంలో కౌసాని ఇంకొకటి. 1929లో అక్కడ విడిది చేసిన గాంధీజీ ఆ మాట అన్నారని చెబుతారు కాబట్టి దాని జోలికి నేను పోను. హిమాచల్‌లోని ఖజ్జియార్‌కు మాత్రం పక్కా పత్రాలున్నాయి. 1992 జులైలో ఒక స్విస్ దౌత్యవేత్త స్వయంగా వచ్చి, ఆ పచ్చిక మైదానాన్ని, చుట్టూ ఉన్న దేవదారు చెట్లను చూసి ముచ్చటపడి, దానికి 'మినీ స్విట్జర్లాండ్' అని నామకరణం చేశారు. బెర్న్ నగరం ఇక్కడికి 6,194 కిలోమీటర్లని ఒక బోర్డు కూడా వెలిసింది. దారి తప్పిన స్విస్ బాటసారులకు ఇది ఎంత ఉపకారమో చెప్పనక్కర్లేదు. పోతూ పోతూ ఆయన అక్కడి నుంచి ఒక రాయిని తమ పార్లమెంటు దగ్గర పెట్టడానికి తీసుకెళ్లారు. రాయి తీసుకుని పేరు ఇచ్చారన్నమాట. బేరం మనకే గిట్టుబాటైందని ఇప్పటికీ అందరి నమ్మకం.

స్కాట్లాండ్లు రెండు. మేఘాలయలో షిల్లాంగ్, కర్ణాటకలో కొడగు. వెనిస్‌లు కూడా రెండు. ఒకటి కేరళలో అలప్పుళ, రెండోది సాక్షాత్తూ ఎడారి రాష్ట్రంలో ఉదయపూర్. మాంచెస్టర్ల దగ్గరికి వస్తే అహ్మదాబాద్, కోయంబత్తూరు ఇప్పటికీ బిరుదు పంచుకుంటున్నాయి. మన నేతగాళ్ల నోట్లో మట్టి కొట్టిన ఊరి పేరును మనమే పతకంలా మెడలో వేసుకోవడానికి ఎంత పెద్ద మనసు ఉండాలి!

నయాగరాల సంగతి మరీ సంక్లిష్టం. ఛత్తీస్‌గఢ్‌లో ఇంద్రావతి మీద చిత్రకోట భారత నయాగరా. కేరళలో చాలకుడి నది మీద అతిరప్పిళ్లి కూడా భారత నయాగరాయే. తమిళనాడులో కావేరి మీద హొగెనక్కల్‌ను అడిగితే, ఆ ఇద్దరూ నకిలీలు, అసలు భారత నయాగరాను నేనేనంటుంది. ములుగు జిల్లాలో బొగత జలపాతం పోటీకి దిగకుండా, తెలంగాణ నయాగరా అనే చిన్న పదవితో సరిపెట్టుకుంది. అమెరికా, కెనడా కలిసి ఒక్క నయాగరాతో సంసారం నెట్టుకొస్తుంటే మనకు నాలుగున్నాయి. పైగా మనవి ఎండాకాలంలో సెలవు కూడా తీసుకుంటాయి.

పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు వెటకారానికి అన్నారు. మనవాళ్లు దాన్ని పర్యాటక విధానంగా స్వీకరించారు.

ఈ పాపం సోకని సంస్థ నాకు తెలిసి ఒక్క రిజర్వు బ్యాంకే. పది రూపాయల నోటు మీద కోణార్క చక్రం, ఇరవై మీద ఎల్లోరా, యాభై మీద హంపి రథం, వంద మీద గుజరాత్‌లోని రాణీ కీ వావ్, రెండు వందల మీద సాంచి స్తూపం, అయిదు వందల మీద ఎర్రకోట. మొత్తం 880 రూపాయలు జేబులో వేసుకుంటే ఆరు చోట్లు తిరిగివచ్చినట్టే, అదీ ఎవరి పేరుతో వాళ్లు. హంపి రథం కింద 'కర్ణాటక రోమ్' అని అచ్చు వేయాలన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాకపోవడం మన అదృష్టం.

ఇక సొంత ఇల్లు. పెన్నా నది కొండను చీల్చుకుని పోయిన గండి పక్కన కోట కట్టి, చూసినదాన్ని చూసినట్టు 'గండికోట' అన్నారు మనవాళ్లు. రెండు ముక్కల్లో నదీ, కొండా, చరిత్రా అన్నీ ఉన్నాయి. ఇంత చక్కటి పేరుండగా దాన్ని 'భారత గ్రాండ్ కాన్యన్' అనకపోతే కడప జిల్లాకు దారి దొరకదట. ఏనుగు మల్లమ్మ కొండది మరో కథ. ముందు ఒక కలెక్టరు దొర పేరు తగిలించి హార్స్‌లీ హిల్స్ అన్నారు. అదీ చాలక 'ఆంధ్రా ఊటీ' అన్నారు. అరకును కూడా ఆంధ్రా ఊటీయే అన్నారు. వికారాబాద్ అనంతగిరి తెలంగాణ ఊటీ అయింది. ఒకే కొండ మీద రెండు దొంగతనాలు జరిగిన ఏనుగు మల్లమ్మకు మాత్రం ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

అసలు ఆ ఊటీ దేనిలా ఉంటుందని అడిగితే కథ మొదటికొస్తుంది. 1877లో వైస్రాయి లిట్టన్ దొర ఊటీకి వెళ్లి భార్యకు ఉత్తరం రాశాడు. ఎంత అందమైన ఇంగ్లీషు వాన, ఎంత కమ్మని ఇంగ్లీషు బురద అని పరవశించిపోయాడు. ఆ బురదలో ఆయనకు సొంత ఊళ్ల సందులన్నీ కనిపించాయి. కనిపించనిది ఒక్కటే. అదే ఏడు, అదే మద్రాసు ప్రెసిడెన్సీలో ధాత నామ సంవత్సరపు కరువు నడుస్తోంది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో మనుషులు రోడ్ల పక్కన రాలిపోతున్నారు. ఆయన పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో రాళ్లు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను తిండిగింజలు, ఒక అణా చాలని తేల్చాడు. ఎదుట ఉన్న నేలను చూడకుండా దానిలో ఇంకో నేలను చూడగలగడం సామాన్యమైన విద్య కాదు. ఆయన మనకు వదిలిపోయిన ఆ విద్యను, రైలు పట్టాల కంటే భద్రంగా కాపాడుకుంటున్నాం.

ఇంత తెలిసీ నేను ఆ కరపత్రం వారికి డబ్బు కట్టాను. స్విట్జర్లాండ్ అందుబాటులో లేక, విశాఖపట్నంలో రాత్రి బస్సెక్కించి ఉదయం 'ఆంధ్రా కాశ్మీర్', మధ్యాహ్నం 'ఆంధ్రా ఊటీ' చూపించే చవక రకం తీసుకున్నాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు లంబసింగిలో బస్సు ఆగింది. "ఆంధ్రా కాశ్మీర్ వచ్చిందండీ, అందరూ దిగాలి" అని కేకేశాడు గైడు కుర్రవాడు. నా పక్క సీటు పెద్దాయన విశ్రాంత ఇంజనీరు. మంకీ క్యాప్, దాని మీద మఫ్లరు, రెండు స్వెట్టర్లు, చేతిలో టార్చిలైటు. దిగీ దిగగానే నలుదిక్కులా వెలుతురు వేసి చూసి, "మంచు ఏదయ్యా?" అన్నారు.

"ఇదే కదండీ మంచు" అన్నాడు గైడు.

"ఇది మంచే. నేను అడుగుతున్నది మంచు."

"ఇదీ మంచేనండీ, మాస్టారూ."

"ఇది పొగమంచు! కాశ్మీరులో ఉండేది గడ్డకట్టిన మంచు. చేత్తో ముద్ద చేసి ఒకరి మీద ఒకరు విసురుకునే మంచు. సినిమాల్లో చూడలేదూ?"

గైడు కాసేపు ఆలోచించాడు. "తెల్లారాక గడ్డి మీద ఉంటుందండీ, చూపిస్తాను."

"అది మంచు బిందువు!"

అక్కడితో ఆగిపోవలసిన చర్చ ఆగలేదు. పొగలా కమ్మేదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే, కొండ మీద పేరుకునేదీ మంచే. తెలుగు భాషలోని ఈ ఒక్క ఉదారమైన మాట మీద ఒక యాత్రా స్థలం మొత్తం నిలబడి ఉందని నాకు ఆ చలిలో జ్ఞానోదయమైంది. మన పూర్వీకులు ఇంకో రెండు మాటలు పుట్టించి ఉంటే ఆంధ్రా కాశ్మీర్ పుట్టేదే కాదు. ఈలోగా వెనక సీటు ఇల్లాలు, కాశ్మీర్ అన్నారని పట్టు శాలువా తెచ్చాననీ, ఇది చలిని ఆపడం లేదనీ భర్తను నిలదీసింది. ఒక పిల్లవాడు గాలిలోంచి పొగమంచును రెండు చేతులా ముద్ద కట్టి చెల్లెలి మీదికి విసిరాడు. తగలలేదని ఏడుపు లంకించుకున్నాడు.

ఇంజనీరు గారు విషయాన్ని శాస్త్రీయంగా తేల్చాలన్నారు. బస్సులో నలభై మందిమి ఉన్నాం కదా, అసలు కాశ్మీరు చూసినవారు ఎవరని అడిగారు. ఒకే ఒక్క చెయ్యి లేచింది. ఆయన వెళ్లింది జూన్‌లోనట. శ్రీనగర్‌లో చెమట పట్టిందట. అయినా మాలో నిపుణుడు ఆయనొక్కరే కాబట్టి అందరం ఆయన ముఖం వంకే చూశాం. ఆయన చాలాసేపు పొగమంచులోకి చూసి, "పోలికలున్నాయి" అని తీర్పు చెప్పారు. అందరూ తృప్తిగా ఫోటోలు తీసుకున్నారు. ఫోటోల్లో ఎవరూ కనిపించలేదు.

నేను రోడ్డు పక్క పొయ్యి వెలుగు చూసి అటు నడిచాను. ఒక గిరిజన మహిళ టీ కాస్తోంది.

"అమ్మా, ఇది ఆంధ్రా కాశ్మీరట కదా?" అన్నాను.

"మీ బస్సులవాళ్లు అంటారు బాబూ. మావాళ్లు కొర్రబయలు అనేవారు."

"అంటే?"

"రాత్రి బయట పడుకుంటే తెల్లారేసరికి మనిషి కొర్రలా బిగుసుకుపోతాడని." గ్లాసు నా చేతికిచ్చి, పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది.

కొర్ర అంటే కర్ర. కొర్రబయలు. ఆ ఒక్క మాటలో చలి ఉంది, దుప్పటి లేని మనిషి ఉన్నాడు, ఆరుబయట గడిచిన రాత్రులున్నాయి. కాశ్మీరు పేరు ఎంత అరువు తెచ్చుకున్నా ఇందులో పదో వంతు చెప్పగలదా?

ఇక్కడ నాకు వ్యంగ్యం చేతకావడం లేదు. నర్సీపట్నం నుంచి ఈ కొండల్లోకి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత చాలీచాలని కూలికి బలవంతాన చాకిరీ చేయించాడు. అడవి చట్టాలు పోడును ఒక పక్క నొక్కేస్తుంటే ఇంకో పక్క ఈ చాకిరీ. 1922లో మన్యం తిరగబడడానికి ఉన్న కారణాల్లో ఆ రోడ్డు ఒకటి. ఆ ఏడు ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం మొట్టమొదట పోలీసు ఠాణా మీద పడింది లంబసింగికి దగ్గర్లోని చింతపల్లిలోనే. నలభై మందిమి సీట్లు వెనక్కి వాల్చుకుని, నిద్రపోతూ ఎక్కివచ్చిన ఘాట్ రోడ్డు అది. దాని గురించి గైడు ఒక్క ముక్క చెప్పలేదు. కుర్రవాడిని ఏమని లాభం? అతని చేతిలో పెట్టిన కాగితంలో లేదు. జిల్లాకు అల్లూరి పేరు పెట్టుకుని, ఆయన నడిచిన ఊరిని ఎక్కడిదో పేరు పెట్టి అమ్ముకుంటున్నాం. అమ్ముకునేవాళ్లకు సిగ్గు లేదు, కొనుక్కుని నాలుగున్నరకు దిగిన నాకూ లేదు. ఖాళీ సీసాలు, చిరుతిళ్ల సంచులు, కాగితపు పళ్లాలు ఆ కొండవాలు నిండా. మనం కాశ్మీరుకు వచ్చి పారేశాం; ఎత్తవలసింది మాత్రం కొర్రబయలు వాళ్లు.

మధ్యాహ్నం ఆంధ్రా ఊటీ, అంటే అరకు. మేం భోజనం చేస్తుంటే, భోజనం ఇంకా చేయని ఆడవాళ్లు వరసగా చేతులు పట్టుకుని ధింసా ఆడారు. పెళ్లిళ్లకీ పండగలకీ వాళ్ల కోసం వాళ్లు ఆడుకునే ఆట అది. పెరుగన్నం దగ్గర ఎవరో "ఇంకొకసారి" అన్నారు. వాళ్లు ఇంకొకసారి ఆడారు. నేను తల వంచుకుని తిన్నాను. ఆ పూట ఊరట కలిగించింది కాఫీ ఒక్కటే. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు దాని పేరు 'అరకు' కాఫీయే. ఆంధ్రా చిక్కమగళూరు కాఫీ అని ఎవరూ అనలేదు. గింజకు దక్కిన మర్యాద ఊరికి దక్కలేదు.

తిరుగు ప్రయాణంలో గైడు అందరికీ అభిప్రాయ పత్రాలు పంచాడు. 'ఈ యాత్రలో మీకు బాగా నచ్చిన ప్రదేశం' అన్నచోట నేను 'కొర్రబయలు' అని రాసి ఇచ్చాను. కుర్రవాడు రెండు సార్లు చదివి, కరపత్రంతో సరిచూసుకుని, మర్యాదగా కాగితం నాకు తిరిగి ఇచ్చేశాడు.

"సార్, ఆ ఊరికి మనం వెళ్లనే లేదు కదండీ."